కరెంటు లెక్క

డెబ్బై ఎనిమిది వేసవిలో జ్ఞానమణి సెలవు మీద తిరువూరు వచ్చింది. వాల్తేరులో ఫిజిక్సు ఎమ్మెస్సీ చేసి, బొంబాయిలో శిక్షణ పొంది, హైదరాబాదులో ఒక క్యాన్సరు ఆసుపత్రిలో చేరి కొన్ని నెలలైంది. కాంతి మీద పరిశోధన చేయాలనుకున్న పిల్ల అక్కడికెలా వచ్చిందో తనకే సరిగా తెలియదు. ప్రకటన చూసి రాసింది, రమ్మన్నారు, వెళ్లింది.

మర్నాడు పక్కింటి హనుమాయమ్మ వచ్చింది. ఎప్పుడూ పొగాకు నములుతూ ఉండే మనిషి.

"నువ్వు క్యాన్సరు డాక్టరువంట గదా. ఇది చూడమ్మాయ్," అంటూ నోరు తెరిచింది. బుగ్గ లోపల తెల్లటి పుండు.

"నేను డాక్టర్ని కాదు పెద్దమ్మా. ఫిజిక్సు చదివాను."

"మరి ఆసుపత్రిలో ఏం చేస్తావే?"

"రోగులకి కరెంటు పెడతారు కదా, రేడియేషనని, అది ఏ వైపు నించి, ఎంతసేపు పెట్టాలో లెక్క కడతాను."

"రోగాన్ని చూడవా?"

"కాగితం మీద బొమ్మ గీసి ఇస్తారు. అదే చూస్తాను."

హనుమాయమ్మకి ఏమీ అర్థం కాలేదు. పైకి చెప్పాక జ్ఞానమణికీ తన ఉద్యోగం అయోమయంగానే తోచింది. పుండు చూసి ఫలానా అని చెప్పే చదువు లేదు. తెలియదని పంపేయడానికి మనసు రాలేదు.

"నీతో తీసుకెళ్లు. చెప్పేవాళ్లు చెబుతారు," అంది వంటింట్లోంచి తల్లి జోజమ్మ.

ఇద్దరూ విజయవాడ బస్సెక్కి, అక్కణ్నించి రైల్లో హైదరాబాదు వెళ్లారు. డాక్టరు ముక్క తీసి పరీక్షకి పంపాడు. క్యాన్సరే. ముదరలేదు, కరెంటు పెడదామన్నాడు.

బొమ్మ జ్ఞానమణి బల్ల మీదికే వచ్చింది. బుగ్గ, దవడ ఎముక, పెన్సిలు గీతల మధ్య పుండు. రెండుసార్లు కట్టినా లెక్క ఒకటే వచ్చింది. అయినా నమ్మకం కుదరక పై అధికారి దత్తాత్రేయులుకి చూపించింది.

"సరిగానే ఉందమ్మా. ఏమైంది?"

"ఈవిడ మా పక్కింటావిడండి."

ఆయన కాగితం తన ముందుకు లాక్కున్నాడు. "నేను మళ్లీ మొదట్నించీ కడతాను. నువ్వెళ్లి ఆవిడ దగ్గర కూర్చో."

మిషను గది ముందు హనుమాయమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "నొప్పెడుతుందా?"

"పెట్టదు. కదలకుండా పడుకో. మేం బయటికొచ్చి తలుపేస్తాం."

"మీరెందుకు బయటికి?"

"అది మాకు మంచిది కాదు."

"మరి నాకు మంచిదా?"

జ్ఞానమణి చదివినదంతా ఆ ప్రశ్న గురించే. "నీకు మంచిదే పెద్దమ్మా," అని మాత్రం అంది.

వర్షాలు మొదలయ్యేసరికి పుండు మానింది. నోరెండిపోతోందని గొణుక్కుంటూనే హనుమాయమ్మ తిరువూరు వెళ్లిపోయింది. ఆ వారంలోనే జ్ఞానమణికి ఒక కాలేజీ నుంచి లెక్చరరు ఉద్యోగానికి ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. జోజమ్మ వెళ్లమని కబురు పెట్టింది. జ్ఞానమణి వెళ్లలేదు. ఎందుకని తల్లి అడిగితే, హనుమాయమ్మని మళ్లీ చూపించడానికి ఎప్పుడు పంపాలో చెప్పింది.