మగ్రిబ్ వేళ ఆగిన బంతి

సెలవురోజైన శుక్రవారం సౌదీలోని రాబిగ్ లేబర్ క్యాంపులో లింబాద్రికి పెద్ద పనులేమీ ఉండవు గానీ, ఉన్నవన్నీ వరసగా జరగాల్సిందే. ముందు బట్టలు పిండడం, తర్వాత గడ్డం, ఆ తర్వాత కోడికూర వండే వంతు ఎవరిదో తేల్చుకోవడానికి చిన్న తగాదా, కూర ఉడికేలోగా ఆర్మూరులో ఉన్న భార్య ఉమారాణికి ఫోను. కడుపునిండా తిని ఓ కునుకు తీసేసరికి కెప్టెన్ జనార్దన్ తలుపు దగ్గర ఈల ఊదేవాడు. అప్పుడు లింబాద్రి మేకుకు తగిలించిన పసుప్పచ్చ జెర్సీ వేసుకొని, వారమంతా గోడలకు ప్లాస్టరింగ్ చేసిన చేతులకు గ్లవుజులు తొడుక్కొని, మేపుల్ క్రీక్ ఫుట్‌బాల్ క్లబ్బు గోల్‌కీపరుగా బయటికి వచ్చేవాడు.

మేపుల్ క్రీక్ అమెరికాలో ఏ మూల ఉందో క్లబ్బులో ఒక్కరికీ తెలియదు. జిద్దాలో పాతబట్టల బజారుకు వెళ్లిన జనార్దన్ బేరమాడి ఒక మూట తెచ్చాడు. విప్పితే అన్నీ జెర్సీలే. అక్కడెక్కడో అట్టడుగు లీగులో ఆడే చిన్న ఊరి క్లబ్బువాళ్లు కొత్తవి కుట్టించుకొని పాతవి వదిలించుకున్నట్టున్నారు. ఛాతీ మీద ఊరిపేరు, దాని కింద పళ్లు బయటపెట్టిన జంతువు బొమ్మ. అది బీవర్ అని ఆఫీసు గుమాస్తా చెప్పాడు. మనవాళ్లు పుట్టి బుద్ధెరిగాక చూసింది పందికొక్కులను గనక పందికొక్కనే ఖాయం చేశారు. అచ్చయిన పేరు చెరిపించడం ఎందుకని క్లబ్బుకు ఆ ఊరిపేరే ఉంచేశారు. వీపుల మీద కూడా ఎవరివో పేర్లున్నాయి. లింబాద్రి వీపు మీద ఓల్సన్ అని ఉంది. సూడాన్ రిఫరీ ఇద్రీస్ ఆ పేరుతోనే పిలిచేవాడు, లింబాద్రీ పలికేవాడు.

మూట అడుగున ఒక బంతి కూడా దొరికింది. మంచి బంతి. గాలి దిగేది కాదు, కుట్లు ఊడేవి కావు. దానికున్న నియమం ఒక్కటే. మసీదులో అజా పిలుపు వినబడగానే ఎక్కడున్నది అక్కడే ఆగిపోయేది. నేల మీద దొర్లుతుంటే నేల మీద, గాల్లో ఉంటే గాల్లో. మైదానంలో నమాజుకు కూర్చున్నవాళ్లలో చివరి మనిషి చాప మీంచి లేచేదాకా కదిలేది కాదు. ఆయన లేవగానే ఎంత వేగంతో ఎటు పోతూ ఆగిందో అంత వేగంతో అటే పోయేది. ఊళ్లో దుకాణాలన్నీ నమాజు వేళకు షట్టర్లు దించుతాయి, బంతి ఆగితే ఎవరికేం వింత? ఇద్రీస్ ఎవరు ఎక్కడ నిలబడ్డారో అక్కడ సున్నంతో చుక్క పెట్టేవాడు. నమాజు చేసేవాళ్లు చేసుకొని వచ్చి ఎవరి చుక్క మీద వాళ్లు నిలబడాలి. మిగిలినవాళ్లు బంతి కిందే చతికిలబడి ఫ్లాస్కులో తెచ్చుకున్న టీ తాగేవాళ్లు.

మొదటి సీజన్‌లో మేపుల్ క్రీక్ ఆడిన ప్రతి ఆటా ఓడింది. సీజన్ మొత్తానికి వాళ్ల ఖాతాలో పడింది ఒక్క గోలు, అదీ అవతలివాడు కంగారులో తన గోల్లో తానే కొట్టుకున్నది. లింబాద్రి కీపరైంది కూడా పరుగెత్తలేకే. బంతి కుడికి వస్తే ఎడమకు దూకేవాడు, ఎడమకు వస్తే కుడికి.

"నువ్వు దుంకకురా బాబూ, నిలబడ్డకాడ నిలబడు, గదే మస్తు," అని జనార్దన్ బతిమాలేవాడు. నిలబడితే, స్తంభం లెక్క నిలబడ్డావని తిట్టేవాడు.

రెండో సీజన్‌కు నితాకాత్ చట్టం గాలి లీగు దాకా వీచింది. కంపెనీల్లో ఇంతమంది సౌదీలు ఉండాలని ప్రభుత్వం అంటోంది గనక, జట్టుకో సౌదీ ఆడాల్సిందేనని లీగు కమిటీ కూడా తీర్మానం చేసింది. మేపుల్ క్రీక్ వాళ్లు మైదానం పక్కన మేకలు పెంచుకునే ముసలాయన హమ్దాన్‌ను పట్టుకున్నారు. మోకాళ్ల నొప్పులున్నాయి, కుర్చీలో కూర్చొనైతే ఆడతానన్నాడాయన. ప్లాస్టిక్ కుర్చీ వేసి లెఫ్ట్ బ్యాక్‌గా కూర్చోబెట్టారు. అంత పెద్దమనిషిని దాటుకొని బంతి తన్నుకుపోవడానికి ఎవరికీ మనసొప్పలేదు. వచ్చినవాడల్లా ఆగి సలాం చెప్పి, మేకల క్షేమం కనుక్కొని, బంతి ఆయన కాళ్ల దగ్గర పెట్టి వెనక్కి పోయేవాడు. ఆ ఏడు క్లబ్బు కొన్ని ఆటలు గెలిచింది కూడా.

మూడో సీజన్‌లో లింబాద్రి కంపెనీ ఎరుపులో పడింది. నితాకాత్ లెక్కలో సౌదీలు చాలినంతమంది ఉన్న కంపెనీకి ఆకుపచ్చ, తగ్గేకొద్దీ పసుపు, ఎరుపు; అంతదాకా ఇది పసుపులో ఉండేది. యజమాని తన మేనల్లుణ్ని ఉద్యోగిగా చూపించి ఆ రంగు కాపాడుకుంటూ వచ్చాడు. ఇంట్లో నిద్రపోవడమే ఆ మేనల్లుడి ఉద్యోగం. అలాంటివాడు ఉన్నట్టుండి ఒకరోజు నిజమైన ఉద్యోగం వెతుక్కొని వెళ్లిపోయాడు. పైగా పనివాళ్ల తలకింతని ప్రభుత్వానికి కట్టే లెవీ పెరిగింది. ఎరుపు కంపెనీలో ఇఖామాలు, అంటే ఆ దేశంలో ఉండనిచ్చే కార్డులు, రెన్యువల్ కావు. లింబాద్రి ఇఖామా నెలాఖరుకు అయిపోతుంది. ఆలోగా ఆకుపచ్చ కంపెనీ ఏదైనా తనను తీసుకుంటే సరే, పాత కఫీల్, అంటే ఇప్పటి యజమాని, అనుమతి కూడా అక్కర్లేదు. లేదంటే ఫైనల్ ఎగ్జిట్, విమానం, ఆర్మూరు.

ఆర్మూరు వెళ్లాలని లింబాద్రికి లేకపోలేదు. ప్రతి శుక్రవారం ఫోను పెట్టేశాక పొయ్యి మీది కూర సంగతే మర్చిపోయేవాడు. కానీ కూతురు సరళ నిజామాబాద్‌లో నర్సింగు చదువుతోంది, ఆ చదువు ఇంకా సగంలోనే ఉంది. తండ్రి ఇప్పుడు ఇంటికొస్తే పిల్ల కూడా ఇంటికొచ్చేయాల్సిందే. ఆ మాట ఉమారాణి అనలేదు, లింబాద్రీ అనలేదు. ఇద్దరికీ తెలుసు.

ఆకుపచ్చ కంపెనీలో ఎరిగినవాడు ఒకడే ఉన్నాడు, మస్తాన్ వలీ. కడప వైపువాడు. అబూ నాసిర్ అనే సౌదీ దగ్గర నీళ్ల ట్యాంకర్ నడుపుతూ, శుక్రవారం ఆ ట్యాంకర్ డ్రైవర్ల జట్టుకు ఆడేవాడు. ఒకరోజు క్యాంపులో నీళ్లు నింపడానికి వచ్చి, పైపు తొట్టిలో వేసి, లింబాద్రిని పక్కకు పిలిచాడు.

"లింబాద్రన్నా, నీ గురించి మా కఫీల్‌కి సెప్పినా. మా కీపరు పోయిన నెల ఎగ్జిట్ మీద ఊరికి పాయె. మా మనిషి ఒకడుండాడు, ప్లాస్టరింగ్ పనీ సేస్తాడు, గోలూ ఆపుతాడు అంటి."

"గోల్ ఆపుతనని ఎందుకు చెప్పినవ్ తమ్మీ? పనొస్తదంటే సాలదా?"

"పనొచ్చేటోళ్లు మా తాన సానామంది ఉండారన్నా. ఈ శుక్రవారం మీతోనే కదా ఆట, కఫీల్ వచ్చి సూస్తాడంట. నువ్వు ఒక్క గోల్ గూడా పడనీకపోతే నిన్ను తీసుకుంటాడంట. సంతకం పెడతానన్యాడు."

"పడితే?"

మస్తాన్ వలీ పైపు సర్దే పని పెట్టుకున్నాడు. ఆ వారమంతా లింబాద్రి పూసిన గోడలు కొద్దికొద్దిగా వంకరగా వచ్చాయి.

శుక్రవారం అబూ నాసిర్ తెల్లకారులో వచ్చి, మైదానం పక్కన ఆపి, తలుపు తెరిచి సీట్లోనే కూర్చున్నాడు. ఆ రాత్రి జిద్దాలో బంధువుల పెళ్లి ఉంది, సెంటు వాసన గోల్ దాకా వస్తోంది. ఆట మొదలైంది. లింబాద్రి అదృష్టం ఆ రోజు బాగుంది. ట్యాంకర్ డ్రైవర్లు కొట్టినవి కొన్ని స్తంభాలకు తగిలాయి, కొన్ని మేకల్లోకి పోయాయి, మంచివనదగ్గవి హమ్దాన్ కుర్చీ దగ్గర సలాం చెప్పి ఆగిపోయాయి. ఆట చివరికొచ్చింది, రెండువైపులా గోల్ లేదు. ఇక అయిపోయినట్టేనని అందరూ అనుకుంటుండగా బంతి గోల్ ముందున్న జనార్దన్ మొహం మీదికి వచ్చింది. మూడు సీజన్ల కెప్టెన్ ఉలిక్కిపడి రెండు చేతులూ అడ్డం పెట్టుకున్నాడు. ఇద్రీస్ ఈల ఊదాడు. పెనాల్టీ.

కొట్టేది మస్తాన్ వలీ. బంతి పెట్టడానికి వంగినట్టు వంగి గొంతు తగ్గించాడు.

"కదలొద్దన్నా. నేరుగా నీ రొమ్ముకే కొడతా. పట్టుకో, సాలు."

అతని ఉద్దేశం మంచిదే. కాలు మాత్రం ఏనాడూ అతని మాట విన్నది కాదు. గోల్‌కి కొట్టాలనుకున్నప్పుడల్లా బంతిని మేకల్లోకి పంపిన ఆ కాలు, రొమ్ముకు కొట్టాలనుకున్న రోజున తన జన్మలో ఎన్నడూ కొట్టనంత అందంగా కొట్టింది. బంతి లేచి లింబాద్రికి ఎడమ పైమూలకు దూసుకొచ్చింది. సరిగ్గా అప్పుడే మసీదులో పొద్దుగూకే వేళ నమాజుకు పిలిచే మగ్రిబ్ అజా మొదలైంది. గోల్‌గీత ఇంకా రెండు బారలుందనగా బంతి గాల్లో నిలిచిపోయింది.

ఇద్రీస్ సున్నం డబ్బా తీసి చుక్కలు పెట్టాడు. మస్తాన్ వలీ రెండు చేతులూ నెత్తిన పెట్టుకొని కాసేపు బంతినే చూసి, నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కొనే వుజూకు వెళ్లాడు. అబూ నాసిర్ కారు దిగి వెళ్లాడు. చాపలు పరిచారు. టీ ఫ్లాస్కు పట్టుకొని మిగిలినవాళ్లంతా లింబాద్రి చుట్టూ చేరారు.

"ఎడమకు రా, ఎడమకు! కండ్ల ముందల్నే ఉన్నది గదరా, పోరగాడు గూడ పడ్తడు," అన్నాడు జనార్దన్. బంతి అతని చేతుల వల్లే అక్కడికొచ్చిందన్న సంగతి అప్పుడే మర్చిపోయాడు.

"కనబడకపోతే బయమైతది. కనబడితే ఇంక బయమైతాంది," అన్నాడు లింబాద్రి.  టీ ఇస్తే గ్లవుజుల మీద ఒలికింది. బంతి కుట్లు ఒక్కొక్కటీ కనిపిస్తున్నాయి. దాని వెనకాల పెట్టె సర్దుకొని హాస్టల్ మెట్లు దిగుతున్న సరళ కూడా కనిపించింది. అతను కళ్లు తుడుచుకొని, ఎడమ, ఎడమ అని మనసులో వల్లె వేసుకున్నాడు.

నమాజు ముగిసింది. ఒక్కొక్కరే లేచి వచ్చి చుక్కల మీద నిలబడ్డారు. ఇద్రీస్ ఈల నోట్లో పెట్టుకున్నాడు. బంతి కదల్లేదు. అందరూ వెనక్కి తిరిగి చూశారు. చాప మీద మస్తాన్ వలీ ఒక్కడే ఉన్నాడు. చేతులు చాచి, తల వంచి, పెదాలు కదుపుతున్నాడు.

దేవుణ్ని వేడుకుంటూ దువాలో ఉన్నవాణ్ని ఎవరు కదుపుతారు? డ్రైవర్లు వెళ్లలేదు, ఇద్రీస్ వెళ్లలేదు, కుర్చీలోంచి హమ్దాన్ ఎవర్నీ వెళ్లనివ్వలేదు. ఆకాశం ఎర్రబడి, బూడిదరంగుకు తిరిగింది. అబూ నాసిర్ ఫోను మోగింది. పెళ్లివాళ్లు. వస్తున్నా అన్నాడు. మళ్లీ మోగింది. దారిలో ఉన్నా అన్నాడు. ఇంకోసారి మోగాక ఎత్తకుండానే జేబులో వేసుకొని, చెప్పుల్లో ఇసుక దులుపుకుంటూ గోల్ దగ్గరికి వచ్చాడు. వేలాడే బంతిని ఒకసారి, లింబాద్రిని ఒకసారి చూశాడు.

"ఓల్సన్, గోల్ ఆయా?"

"నై ఆయా, ముదీర్ సాబ్."

"టైమ్?" అని ఇద్రీస్‌ను అడిగాడు. ఈ ఒక్క బంతి తప్ప ఆట అయిపోయిందని ఇద్రీస్ చెప్పాడు.

అబూ నాసిర్ ఇంకోసారి చాప వైపు చూశాడు. తన డ్రైవర్ ఎవరి కోసం అడుగుతున్నాడో అర్థమైందో, పెళ్లి విందు చల్లారిపోతోందనే బాధో గానీ, గ్లవుజు మీద చెయ్యేసి, "ఖలాస్. మైఁ దేఖా, గోల్ నహీఁ. సండే ఆఫీస్ ఆవో, పాస్‌పోర్ట్, ఇఖామా లావో," అన్నాడు. అందరి ముందూ అన్నాడు. అన్నాక కారెక్కి జిద్దా రోడ్డు పట్టాడు. దుమ్ము చాలాసేపు అణగలేదు.

ఆ దుమ్ము అణిగాక మస్తాన్ వలీ రెండు అరచేతులూ మొహం మీదుగా తుడుచుకొని చాప మీంచి లేచాడు. బంతి కదిలింది. లింబాద్రి ప్రాణాలన్నీ కూడగట్టుకొని కుడికి దూకాడు. బంతి ఎడమ పైమూలలోంచి వలలోకి పోయి పడింది.

మేపుల్ క్రీక్ ఒక గోల్ తేడాతో ఓడింది. ఓడిన జట్టు కేకలు పెడుతూ కీపర్ని భుజాల మీదికి ఎత్తుకుంది. గెలిచిన జట్టు కూడా వచ్చి ఓ చెయ్యి వేసింది. కిందికి దించాక లింబాద్రి మస్తాన్ వలీని పట్టుకున్నాడు.

"గంతసేపు ఏం అడిగినవ్ తమ్మీ?"

"అందరికీ అడిగినా అన్నా. మా ఇంట్లోళ్లకి, ఊళ్లోళ్లకి, మా ట్యాంకర్ టైర్లకి గూడా. నీ పేరు కాడికొచ్చి ఆగిపోయినా. నీకేం అడగల్ల? ఇంటికి పంపమని అడగల్లా, పంపొద్దని అడగల్లా? ఎంత ఆలోచించినా తెగల్యా. నీకేది మంచిదో నువ్వే సూడు దేవుడా అని లేసినా."

లింబాద్రి అతని భుజం గట్టిగా నొక్కి, గ్లవుజులు విప్పి, గోల్ వెనక్కి వెళ్లి ఆర్మూరుకు ఫోను చేశాడు.

"ఉమా, నేను వస్తలేను."

అవతల ఉమారాణి ఫోను పక్కకు పెట్టి అరిచింది. "సరళా, మీ బాపు వస్తలేడంటనే! వస్తలేడంట!"

సెలవులకు ఇంటికొచ్చిన పిల్ల చప్పట్లు కొట్టింది. ఎవరో మిఠాయి తెప్పించమంటున్నారు. తాను ఇంటికి రానన్న కబురుకు తన ఇంట్లో జరుగుతున్న సంబరం విని లింబాద్రి కూడా నవ్వాడు. అతనికి నిజంగానే సంతోషంగా ఉంది. కాసేపటికి ఉమారాణి ఫోను తీసుకొని ఎవరూ వినకుండా వాకిట్లోకి వచ్చినట్టుంది, గొంతు తగ్గింది.

"మల్ల ఎప్పుడొస్తవు మరి?" అంది.