చిలక రెక్క మీది పంటి గాటు

రంగనాయకికి ముఖాలు గుర్తుండటం మానేసి చాలాకాలమైంది. కూతురు కృత్తిక ఎదుట కూర్చున్నా ఎవరో పక్కింటామె అనుకుంటుంది. అయినా మెడలోని పతకం వెనక్కి తిప్పి, మీనా రంగులు అద్దిన చిలక రెక్క మీది గాటును వేలితో తడిమిందంటే చాలు, ముఖం విప్పారేది.

"ఇది నా బిడ్డ కొరికింది, పాలపండ్లు వొచ్చేటప్పుడు," అనేది. తలెత్తి, "కృత్తీ, ఎప్పుడు వొచ్చినావు?" అనేది. రోజుకు ఒక్కసారైనా కృత్తికకు తల్లి దక్కేది ఆ గాటు పుణ్యమే.

అలాంటిదాన్ని ఎవరైనా ముట్టుకుంటారా? కృత్తిక ముట్టుకుంది. పీలమేడులో తన తమ్ముడి కూతురి పెళ్లి. ఇప్పటి పెళ్లిళ్లలో ఏ మెడ చూసినా ఆంటిక్ సెట్లే. నిన్న పోతపోసిన బంగారానికి ముత్తవ్వల కాలపు మెరుగు, కెంపులు, పచ్చలు, మీనా పూలు. వాటి నడుమ అసలైన పాత పతకం వెలవెలబోతుందని ఆమెకు నామోషీ వేసింది. అమ్మ నిండుగా కనబడాలని ఆశ. ప్రేమే, కాదనను. కానీ బుద్ధి గడ్డి తిన్నది.

నగల పనిచేసే మోహన్‌రాజ్ పతకాన్ని తిప్పి చూశాడు.

"పాత మీనా అంతా ఎత్తేసి కొత్తది పోస్తామక్కా. చూస్తే నూరేండ్లదన్నట్టే ఉంటాది."

"ఈ గాటు?"

"అదీ పోతాది."

"సరి," అంది కృత్తిక.

పెళ్లినాటి ఉదయం పతకం వచ్చింది. కెంపులు ధగధగలాడుతున్నాయి. కృత్తిక మురిసిపోతూ తల్లి మెడలో వేసింది. రంగనాయకి అలవాటుగా దాన్ని తిప్పింది. వేలు చిలక రెక్క మీద పాకింది, ఆగింది, మళ్లీ పాకింది. అప్పుడు తెలిసొచ్చింది కృత్తికకు, తాను చేసిన పనేమిటో.

"అమ్మా, నేనే, కృత్తిని. నేను కొరికిందే ఇది."

"ఇది నాది కాదు," అంది రంగనాయకి.

కృత్తిక వాకిట్లోకి పోయి మోహన్‌రాజ్‌కు ఫోన్ చేసింది. గాటు మళ్లీ పెట్టమని బతిమాలింది.

"పెడదామక్కా. రెక్కలో ఎక్కడ? ఎంత లోతు?"

ఇన్నేళ్లలో ఆ గాటును కృత్తిక ఒక్కసారీ తడిమి చూడలేదు. ఫోన్ పెట్టేసింది.

లోపలికి వచ్చేసరికి రంగనాయకి పతకం తీసి పక్కన పెట్టేసి ఏడుస్తోంది. కూతురి చేయి పట్టుకుని దగ్గరికి లాక్కుంది.

"నీవు మంచిదాని మాదిరి ఉండావు తాయీ. నా పతకం పోయింది. నాకొక బిడ్డ ఉండాది, దానికి మాత్రం చెప్పొద్దు. పావం, తాళలేదు."

"చెప్పనమ్మా," అంది కృత్తిక.