పలచబడిన ముద్ద

వంతెన మునిగిన వరద ఏడాది అది. పళ్ల డాక్టరు దగ్గర నాది ముద్ద కలిపే పని. పంటి వేరులో చెడిన నరాన్ని డాక్టరు సన్నటి సూదులతో తీసి కడుగుతాడు. ఆ ఖాళీలో రబ్బరు పుల్ల దూర్చి, సందులు పూడేలా ముద్ద పూస్తాడు. తెల్ల పొడి, లవంగ నూనె గాజు పలక మీద నూరి ఆ ముద్ద చేసేది నేను. చిన్న గరిటెతో పైకెత్తితే అంగుళం దాకా తీగ సాగి తెగాలి. అదే కొలత.

ఆ వారం గాలంతా తడి. తడికి ముద్ద తొందరగా బిగుస్తుంది. ఒకరోజు పుల్ల సగం దిగేసరికే గట్టిపడింది.

"బాబాయ్, మేస్త్రీ పనికి గాని పోతున్నావా?" అన్నాడు డాక్టరు. నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం గుచ్చుకుంది.

మర్నాడు కుర్చీలో నా భార్య. దర్జీ కొట్టుకు చొక్కాల కాజాలు కుట్టేది. పొద్దస్తమానం దారం పెదవుల మధ్యే తడుపుకునేది. కింది దవడ పంటికి పెట్టిన తాత్కాలిక మూత ఊడింది. ఆగితే మళ్లీ చీము పడుతుంది. కరెంటు లేదు, పుల్ల ఎంత దిగిందో ఎక్స్‌రేలో చూసే వీల్లేదు. నరం ఎప్పుడో చచ్చింది కాబట్టి మత్తు సూదీ వెయ్యలేదు.

"ఇంట్లో పాలల్లో చక్కెర కలపమంటే చేతులు రావు. ఇక్కడ చూడండి బాబూ, ఎంత బుద్ధిగా కలుపుతున్నారో" అంది ఆమె డాక్టరుతో.

బిగుసుకుంటుందేమోనని నూనె రెండు చుక్కలు ఎక్కువ వేశాను. తీగ సాగలేదు, కారింది. చూసి ఊరుకున్నాను.

పుల్ల నొక్కగానే ఆమె కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. "పెదవి దాకా నిప్పు పాకింది" అంది. కాసేపటికి మంట పోయింది. కింది పెదవిలో ఒకవైపు స్పర్శ కూడా పోయింది.

సాయంత్రం కరెంటు వచ్చింది. ఎక్స్‌రేలో నా ముద్ద వేరు కొస దాటి, దవడ నరం నడిచే దారిలో తెల్లగా పోసుకుని కనిపించింది.

"నేనే పలచగా కలిపాను" అన్నాను.

"నొక్కింది నేను."

"తియ్యలేమా?"

"నా వల్ల కాదు బాబాయ్. పెద్దాసుపత్రిలో దవడ తెరిచి తీస్తారు. అదీ ఒకటి రెండు రోజుల్లో తీస్తేనే."

పెద్దాసుపత్రి వంతెన అవతల. రేవు దాకా పోయాను. పడవవాడు నీళ్లు చూపించి తల అడ్డంగా ఊపాడు.

ఇంట్లో ఆమె సూది పట్టుకుని కూర్చుంది. దారం కోసం ఒళ్లంతా, నేలంతా వెతుకుతోంది.

"ఇప్పుడే తీశానండీ. ఎక్కడ పడిందో."

"పెదవి మీదే ఉంది" అన్నాను.

చేత్తో తడుముకుంది.

తెల్లారి రేవుకు పోయాను. నిన్న కనబడిన మెట్టు కూడా మునిగింది. ఇంటికొచ్చి, ఆమె లేవకముందే దారాలు నా పెదవులతో తడిపి, డబ్బాలోని సూదులన్నిటికీ ఎక్కించి ఆమె సూదుల దిండుకు గుచ్చి పెట్టాను.