మూడుసార్లు ఆగితే గిరీష్‌ది

నా మమకారంలో కారుంది, అహంకారంలో కారుంది, ఆఖరికి మా ఆవిడ ప్రేమకుమారి నా మీద నూరే కారంలో కూడా ముప్పాతిక వంతు కారే ఉంది. అది పదమూడేళ్ల నాటి ఎర్రకారు. తెనాలి వీధుల్లో ఎవరూ చెయ్యెత్తకుండానే తనంతట తాను ఆగిపోయే మర్యాదస్తురాలు. 2004 వేసవిలో, దాన్ని మెకానిక్‌కి అప్పగించకుండా నేనే బాగుచేయాలని నిశ్చయించుకున్నాను. వరసగా మూడు ఆదివారాలు బానెట్ కింద తల దూర్చాను. బీటలు వారిన రబ్బరు గొట్టాలు మార్చాను. కార్బురేటర్ విప్పి, పెట్రోలుతో కడిగి, మళ్లీ బిగించాను. అంతా బిగించాక రెండు నట్లు మిగిలాయి. వాటిని ఎవరి కంటా పడకుండా చొక్కా జేబులో దాచేశాను.

"మీరు బాగుచేశాక మిక్సీ ఏమైందో గుర్తుందా?" అంది ప్రేమకుమారి.

"తిరుగుతోందిగా!"

"తిరుగుతోంది. బల్లంతా తిరుగుతోంది. నిన్న చట్నీ వేస్తుంటే కిటికీ దాకా వెళ్లింది."

మర్నాడు రేపల్లెలో మా బావమరిది గిరీష్ కూతురు భవ్య ఓణీల ఫంక్షన్. ముహూర్తం పదకొండూ పదికి. మేనత్తగా మొదటి హారతి మా ఆవిడదే. దారిలో బాపట్లలో మా అత్తగారు బసవమ్మగారిని ఎక్కించుకోవాలి. గిరీష్‌ది రొయ్యల మేత వ్యాపారం. చెరువుల దగ్గరికి బస్తాలు మోయడానికి నా కారు మీద వాడి కన్ను రెండేళ్లుగా ఉంది.

"చూడండి, పాండురంగారావుగారూ!" అంది ప్రేమకుమారి. మా ఆవిడ నన్ను పేరుతో పిలిచిందంటే అది పిలుపు కాదు, కోర్టు పిలుపు. "రేపు రేపల్లె చేరేలోపు మీ రిపేరు పుణ్యమా అని ఇది మూడుసార్లు ఆగిందా, తాళాలు మా తమ్ముడి చేతిలో పెట్టేస్తా."

నా ఎర్రకారులో రొయ్యల మేత! ఆ వాసన తలుచుకుంటేనే నా కళ్లు ఎర్రకారయ్యాయి. అయినా ఒప్పుకున్నాను.

మర్నాడు పొద్దున్నే బయల్దేరాం. కారు చుండూరు దాటింది, పొన్నూరు దాటింది, బాపట్ల దాకా వెన్నలో వేలు పెట్టినట్టు నడిచింది. ఒక్క దగ్గు లేదు, ఒక్క తుమ్ము లేదు. గర్వం పట్టలేక అత్తగారి వాకిట్లో బానెట్ ఎత్తి నా పనితనం చూపించాను.

"ఇదేంటి అల్లుడుగారూ, ఏనుగు తొండంలా ఉంది?"

"అది కారు ముక్కండి అత్తయ్యగారూ. గాలంతా దీంతోనే పీలుస్తుంది. దీని ప్రాణమంతా ఇక్కడే ఉందనుకోండి."

"అలాగా!" అని ఆవిడ భక్తిగా చూశారు. నేను బానెట్ ఎత్తినది ఎత్తినట్టే ఉంచి, రెండోసారి ఉప్మా పెట్టించుకోవడానికి లోపలికి వెళ్లాను.

బాపట్ల పొలిమేర దాటి నాలుగో గేరు వేశాను. గట్టిగా తొక్కాను. కారు ఒక్కసారి గుక్క తిప్పుకోలేక గిలగిల్లాడి, ఠక్కున ఆగిపోయింది.

"ఒకటి," అంది ప్రేమకుమారి.

తాళం తిప్పాను. వెంటనే స్టార్టయింది! నిలబెట్టి ఉంచితే పిల్లికూనలా గురగురమంటోంది. మెల్లగా పోతే పోతోంది. కాస్త తొక్కితే చాలు, చచ్చిపోయేట్టు దగ్గుతోంది. ప్లగ్గు వైర్లు పీకి తుడిచాను, మళ్లీ గుచ్చాను. జేబులో రెండు నట్లు గలగలమన్నాయి. నా గుండె వాటికంటే గట్టిగా గలగలమంది.

రెండు కిలోమీటర్లు వెళ్లాక ధైర్యం చేసి తొక్కాను.

"రెండు."

ఈసారి పెట్రోలు గొట్టం పీకి నోటితో పీల్చాను. పెట్రోలు బ్రహ్మాండంగా వస్తోంది, నా కడుపులోకి. వెనక సీట్లో అత్తగారు చేతులు జోడించి పెదాలు కదుపుతున్నారు.

"ఏంటమ్మా, గొణుగుతున్నావు?"

"ఏం లేదే. నీ దారి నువ్వు చూడు."

ఇక తొక్కకూడదని ఒట్టు పెట్టుకున్నాను. రెండో గేరులో పెళ్లినడక నడిపించాను. గడ్డి ట్రాక్టరు మమ్మల్ని దాటింది. చద్దిమూట కట్టుకుని పొలానికి పోతున్న సైకిలాయన దాటి, జాలిగా వెనక్కి చూశాడు.

"ఇలా వెళ్తే ఓణీలకి కాదుగానీ, భవ్య పెళ్లికి తప్పకుండా అందుకుంటాం," అంది ప్రేమకుమారి. టైము పదీ ఇరవై. చెరుకుపల్లి వచ్చింది. పౌరుషం పొడుచుకొచ్చి తొక్కాను. సరిగ్గా బుడే సాహెబ్ మెకానిక్ షెడ్డు ముందు ప్రాణం విడిచింది.

"మూడు!" అంటూనే మా ఆవిడ సెల్‌ఫోన్ తీసింది. "తమ్ముడూ, కారు నీదేరా. బస్తాలు సర్దుకో."

షెడ్డులోంచి తెల్లగడ్డం బుడే సాహెబ్ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. జరిగింది విన్నాడు. ఇంజను ఆడించి, చెవి ఒగ్గాడు.

"దీనికి ఊపిరాడట్లేదు సార్. ఎక్కడిదాకా బాగా నడిచింది?"

"బాపట్ల దాకా."

"బాపట్లలో ఏం చేశారు?"

"ఉప్మా తిన్నాం."

"మీరు కాదు సార్, కారుకేం చేశారు?"

"ఏమీ చెయ్యలేదు!" అన్నాను. మా ఆవిడ కూడా చెయ్యలేదంది. అత్తగారు మాత్రం నోరు బిగించుకుని ఆకాశంలో కొంగల్ని చూస్తున్నారు.

బుడే సాహెబ్ టార్చి లైటు కారు ముక్కులోకి కొట్టాడు. "లోపల పచ్చగా ఏదో మూటుంది సార్! తొక్కినప్పుడల్లా గాలి లాగి, మూట గొంతుకి అడ్డం పడుతోంది. ఆగిపోగానే వెనక్కి జారుతోంది."

"అమ్మా!" అంది ప్రేమకుమారి.

"ఏంటే అరుస్తావు? ప్రాణం అక్కడే ఉందని ఆయనే చెప్పారుగా! ప్రాణమున్న చోటే ముడుపు పెట్టాను. ఇంకేం అడక్కు. తీరేలోపు చెబితే మొక్కు చెడిపోతుంది."

ముక్కులో మొక్కు! నేను నవ్వాలో ఏడవాలో తెలియక, పెట్రోలు తేన్పు ఒకటి తేన్చాను.

"చెప్పొద్దు పెద్దమ్మా," అన్నాడు బుడే సాహెబ్. "మొక్కు మీ మనసులోనే ఉంచుకోండి. మూట మటుకు మీ చేత్తోనే తియ్యండి. నా చేతులు గ్రీజు. నేను ముట్టుకోకూడదు."

అత్తగారు రెండు వేళ్లు పెట్టి, పసుపుగుడ్డ మూటని పైకి లాగి, కళ్లకద్దుకున్నారు. నేను తొక్కాను. ఇంజను గర్జించింది! షెడ్డులో కోడి ఎగిరి టైరు మీద కూర్చుంది.

"కార్బురేటర్ కడిగిందెవరు సార్?"

"నేనే," అన్నాను, ముద్దాయిలా.

"బాగా కడిగారు. గొట్టాలు కూడా సరిగ్గా పడ్డాయి."

ఆయన్ని గ్రీజుతో సహా వాటేసుకున్నాను. ఆ ఆనందంలోనే జేబులోంచి నట్లు తీసి, "మరి ఇవి?" అన్నాను.

"ఇవి కారువి కాదు సార్. మిక్సీకి అడుగున వేసేవి."

మా ఆవిడ నావైపు చూసిన చూపుకి కొత్త బ్యాటరీ అక్కర్లేదు, కారు దానంతటదే స్టార్టవుతుంది. అయినా నేను తగ్గలేదు. "నా రిపేరు పుణ్యమా అని ఆగితే కదా షరతు! ఆగింది మీ అమ్మగారి పుణ్యం వల్ల."

ఆమె వాచీ చూసింది. "సరే. కానీ నా హారతి తప్పిందా, మొక్కూ లేదు, ముక్కూ లేదు, కారు తమ్ముడిదే!"

అప్పుడు తోలాను చూడండి! గడ్డి ట్రాక్టరు వెనకపడింది. సైకిలాయన మళ్లీ కనిపిస్తే హారను కొట్టి నమస్కారం పెట్టాను. రేపల్లెలో గిరీష్ ఇంటి ముందుకొచ్చేసరికి పదకొండూ అయిదు. గేటు దగ్గర వాడు ఖాళీ గోనెసంచులు భుజాన వేసుకుని ఎదురుచూస్తున్నాడు. నేను ఆపకుండా ముందుకి పోనిచ్చాను.

"ఏవండీ, ఇల్లు దాటిపోయింది! ఆపండి!"

"ఆపితే ఆగినట్టు లెక్కేస్తావు!"

వీధి చుట్టూ తిరిగొచ్చాను. గిరీష్ సంచులతో "బావగారూ! బావగారూ!" అంటూ వెనకాలే పరుగు.

"లెక్కెయ్యను, మా అమ్మ మీదొట్టు, ఆపండి!" అంది ప్రేమకుమారి, నవ్వాపుకోలేక. ఆపాను. ఆమె పరుగెత్తి హారతి పళ్లెం అందుకునేసరికి పదకొండూ తొమ్మిది.

అత్తగారు తీరుబడిగా దిగారు. "ఇప్పుడు చెప్పొచ్చు. ఆగకుండా రేపల్లె చేర్చమని మొక్కాను. మూట తీశాక ఎక్కడైనా ఆగిందా?"

హారతి ఇచ్చి మా ఆవిడ బయటికొచ్చేసరికి గిరీష్ రొప్పుతూ నా ముందు అరచెయ్యి చాపి ఉన్నాడు, తాళాల కోసం. నేను అందులో రెండు నట్లు పెట్టాను.

"ఇవేంటి బావగారూ?"

"మిక్సీవిరా," అంది ప్రేమకుమారి. "కారు ఆయన దగ్గరే ఉండనీ. మిక్సీ నువ్వు పట్టుకుపో. మళ్లీ ఈయన చేతికి దొరక్కుండా."