మా గుమ్మాల ముందు నుంచి పోయిన కేబుల్

గార్డు ఫోను లాక్కుని నేలకేసి కొట్టినప్పుడు నేను లారీలో కంకర నింపుతున్నాను. ఆఫీసర్ల కాలనీ గోడ పక్కనే, మట్టిలో కూర్చుని పరీక్ష రాస్తున్న పిల్ల చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది, ఫోను పట్టుకున్నట్టే.

ఆ పిల్ల మా పొడుగక్క కూతురు. నర్సు చదువుకు ప్రవేశ పరీక్ష. ఇంట్లో కూర్చుని, ఇంటర్నెట్‌లోనే రాయాలని పైవాళ్ల హుకుం. ఏ ఇంట్లో? మేం కూలీలం ఉండే క్వారీ లైన్లలో ఏ ఇంట్లోనూ కంప్యూటర్ లేదు. ఫోనుకి సిగ్నల్ కావాలంటే కాలనీ గోడ దగ్గరికి రావాల్సిందే. గోడకు అవతల ఒక్కో ఇంట్లో పిల్లలకొకటి, పెద్దలకొకటి కంప్యూటర్.

"మేనేజర్ గారి ఆర్డరు. గోడ దగ్గర ఎవరూ కూర్చోకూడదు" అన్నాడు గార్డు. వాడూ మా లైన్లవాడే. మొహం మాత్రం పక్కకు తిప్పుకున్నాడు.

పిల్ల ఏడవలేదు. పగిలిన ముక్కలు ఏరి చున్నీలో మూటగట్టుకుంది. అది చూసి నేను పార కింద పడేశాను.

సాయంత్రం పని దిగాక అందరం పంపు దగ్గర చేరాం. "బతిమాలుకుందాం. పెద్దవాళ్లతో మనకెందుకు గొడవ?" అన్నాడు ముసలి మేస్త్రీ.

పొడుగక్క లేచింది. రాళ్లు కొట్టీ కొట్టీ కాయలు కాసిన చేతులు. "ఆ కాలనీకి ఇంటర్నెట్ తెచ్చిన కేబుల్‌కి కాలవ తవ్విందెవరు మామా? నువ్వూ నేనూ కాదూ? మన గుమ్మాల ముందు నుంచే పోయింది. మనిళ్లకు మాత్రం ఒక్క తీగ రాలేదు. ఇంకా ఏమని బతిమాలతావు?"

అయినా మామ మాట తీసెయ్యలేక ముందు ఆఫీసుకే వెళ్లాం. మేనేజర్ కూర్చోమనలేదు. మా లైన్లకూ తీగ లాగించమని పొడుగక్క అడిగింది.

"మీ వైపు డిమాండ్ లేదమ్మా. సర్వే చేశాం."

"ఎప్పుడు చేశారు సార్? మా ఇళ్లకు ఎవరూ రాలేదే?"

"ఇంటర్నెట్‌లో పెట్టాం. మీలో ఒక్కరూ జవాబివ్వలేదు."

మేస్త్రీ మామే పగలబడి నవ్వాడు. "ఇంటర్నెట్ లేనివాళ్లంతా ఇంటర్నెట్‌లోకొచ్చి చెప్పాలన్నమాట! పదండర్రా. ఇక్కడ బతిమాలడానికి మనుషులు లేరు."

రెండో పేపరు రోజు క్వారీలో ఒక్క సుత్తి లేవలేదు. గార్డు కంట పడకుండా మొదటి పేపరు రాయగలిగిన పిల్లల్ని ముందు నడిపించుకుంటూ కాలనీ గేటుకు చేరాం. లోపల క్లబ్బు హాల్లో వరసగా కంప్యూటర్లు. ఆఫీసర్ల పిల్లలు ఆటలాడుకునేవి.

"గేటుకి తాళం వెయ్యరా!" మేనేజర్ మేడ మీంచి అరిచాడు.

గార్డు మమ్మల్ని చూశాడు. పొడుగక్క కూతుర్ని చూశాడు. చేతిలోని తాళాన్ని ముళ్లకంపల్లోకి విసిరాడు. "తాళం కనపడట్లేదు సార్!"

పిల్లలు కుర్చీల్లో సర్దుకున్నారు. మేం తలుపులకు అడ్డంగా, భుజం భుజం కలిపి నిలబడ్డాం. మొదటి పేపరు పోయింది కాబట్టి పొడుగక్క కూతురికి రెండోది రాసే వీల్లేదు. అయినా ఒక్కో కుర్చీ దగ్గరికీ పోయి అందరి పరీక్ష పేజీలూ తెరిచి పెట్టింది.

పోలీసులు వచ్చారు. లాఠీలు లేచాయి. మేస్త్రీ మామ నుదురు చిట్లింది. పొడుగక్కను జుట్టు పట్టి ఈడ్చారు. పిల్లలు కుర్చీల్లోంచి లేవబోయారు.

"కూర్చోండే! మా వైపు చూడకండి, రాయండి!" అని కేకేసింది పొడుగక్క, మెట్ల మీద ఈడ్చుకుపోతుంటే కూడా.

రాశారు. ఏడుస్తూ రాశారు. చివరి పిల్ల లేచేదాకా మేం తలుపు వదల్లేదు.

అక్కణ్నుంచి అందరం పొడుగక్కను తీసుకుపోయిన పోలీస్ స్టేషన్‌కి నడిచాం. దారిలో గుట్ట అవతలి ఇటుక బట్టీల వాళ్లు ఎదురొచ్చారు. సంగతి అప్పుడే వాళ్ల చెవిన పడింది. "మీకు ఆనుకుని కూర్చోడానికి గోడన్నా ఉంది. మాకు అదీ లేదు" అంది వాళ్లలో ఒకావిడ. మాతో కలిసి నడిచింది.

ఆ జనాన్ని చూసి ఇన్‌స్పెక్టర్ గొంతు తగ్గించాడు. "ఆవిణ్ని వదిలేస్తాం. ఇళ్లకు పోండి."

పొడుగక్క కూతురు ముందుకొచ్చింది. "మా అమ్మ ఒక్కదాని కోసమే రాలేదు సార్. నా మొదటి పేపరు మిగిలిపోయింది. ఈ లైన్లలో, ఆ బట్టీల్లో ఇంకా ఎందరివో మిగిలిపోయాయి. మళ్లీ పెడతామని పైవాళ్లతో చెప్పించండి. మా ఇళ్లకు తీగ లాగించండి. అప్పటిదాకా మేం పోం."

వరండాలో నేల మీద కూర్చుంది. పక్కన మేస్త్రీ మామ, తలకు గుడ్డ చుట్టుకుని. తర్వాత గార్డు, ఒంటి మీద ఇంకా ఆ యూనిఫారంతోనే. మేమంతా రోడ్డు దాకా కూర్చున్నాం.

లాకప్ తలుపు తెరిచారు. పొడుగక్క బయటికి వచ్చింది. మమ్మల్నందర్నీ ఒకసారి చూసి, ఇంటికి కాదు, కూతురి పక్కన చతికిలబడింది.

మర్నాడూ మేం అక్కడే ఉన్నాం. క్వారీలో రాళ్లు పేల్చే ముందు కూసే సైరన్ మోగలేదు. గుట్ట అవతల బట్టీల్లో పొగ లేవలేదు.