తాళం వేసిన ఇంట్లో మేమిద్దరం

మా ఆయన మీద నాకు కోపం రాని రోజు లేదు గానీ, సికింద్రాబాద్ స్టేషన్‌లో ఆ పొద్దున వచ్చిన కోపం వేరు. కాశీకి పోయే రైలు తోక ఇంకా కనబడుతూనే ఉంది. ఈయన సూట్‌కేసు పట్టుకుని దాని వెనక పరుగెత్తినట్టే పరుగెత్తి, ఆగిపోయి, నా వైపు తిరిగి "పోయింది స్వరూపా" అన్నాడు. పోయిందని నాకు కనబడటం లేదా? నాకేమైనా కళ్ళు పోయాయా?

ఆయన్ని అక్కడే, అంతమందిలో, నాలుగు తిట్టాను. పాపం, తప్పు ఆయనది కాదు. నాదే. మన్సూరాబాద్‌లో మా కాలనీ నుంచి కాశీకి బయల్దేరిన మొట్టమొదటి మనుషులం మేమే అన్నట్టు ఇంటింటికీ వెళ్ళి బొట్టు పెట్టించుకున్నాను. కాలనీ ప్రెసిడెంటు రాజశేఖర్ మా మెడలో దండలు వేసి, ఫోటో తీసి గ్రూపులో పెట్టాడు. అదీ చాలలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆటో ఆపించి, కాశీలో కట్టుకునే చీర మీదికి జాకెట్టు తెచ్చుకుంటానని టైలర్ దగ్గరికి దిగాను. హుక్కులు కుట్టలేదన్నాడు. కుట్టేదాకా కూర్చున్నాను. ఈయన ఆటోలోంచి "రైలు మన కోసం ఆగదే" అని మొత్తుకుంటుంటే, "నోర్ముయ్, చానా టైమున్నది" అన్నాను. హుక్కులు మాత్రం బాగా కుట్టాడు.

వెంటనే ఇంటికి వచ్చేసి ఉంటే ఒక పూట నవ్వేవాళ్ళు, మర్చిపోయేవాళ్ళు. కానీ ఏ మొహం పెట్టుకుని రావాలి? కిందటేడు రాజశేఖర్ భార్య గీత వాళ్ళు శ్రీశైలం పోయి, బస్సు చెడిపోయి, దర్శనం కాకుండా తిరిగొస్తే "దేవుడు కూడా మొహం చూసే రానిస్తడు" అని నెల రోజులు ఊరంతా చెప్పుకుని నవ్వింది నేనే. నోరా వీపుకు తేకే అని ఊరికే అనలేదు పెద్దలు.

అంతకంటే పెద్ద సంగతి ఇంకోటుంది. నా చేతి సంచిలో ఒక చిన్న మట్టి ముంత ఉంది. తెల్లగుడ్డ కట్టి, పసుపుతాడు చుట్టిన ముంత. అందులో మా పక్కింటి బక్కయ్య అస్థికలు.

బక్కయ్య లారీ డ్రైవరు. దేశమంతా తిరిగాడు గానీ లోడు ఎప్పుడూ కాశీ వైపు పడలేదట. మొన్న దసరా ముందు గుండెపోటుతో పోయాడు. భార్య అండాలమ్మ మోకాళ్ళ నొప్పులతో గేటు దాకా నడవడమే కష్టం. మిగతా అస్థికలన్నీ ఇక్కడే నీళ్ళల్లో కలిపేసి, కాశీ కోసమని ఈ కొంచెం దాచి, వాళ్ళింటి వెనక వేపచెట్టుకు వేలాడదీసింది. మేం వెళ్తున్నామని తెలియగానే ఆ ముంత తెచ్చి నా చేతిలో పెట్టి, నా రెండు చేతులూ కళ్ళకద్దుకుంది.

"వదినె, నీ చేతుల పెడుతున్న. గాయన నీళ్లల్ల కలిసిందాక నేను అన్నం ముట్ట."

"గట్లెందుకు వదినె" అన్నాను.

"ఒట్టు పెట్టుకున్న" అంది.

ఆ మనిషి ఎదురుగా ముంత పట్టుకుని తిరిగొచ్చి, జాకెట్టు హుక్కుల కోసం రైలు పోగొట్టుకున్నానని ఎట్లా చెప్పను? స్టేషన్‌లోనే పొద్దుగూకేదాకా కూర్చున్నాం. చీకటి పడ్డాక మెట్రోలో ఎల్బీ నగర్‌లో దిగి, ఆటోలో వచ్చి, వెనక సందు తలుపు తీసుకుని దొంగల్లాగా మా ఇంట్లోకి మేమే దూరాం. ముందు గేటుకు వేసిన తాళం వేసినట్టే ఉంది.

మోసం చేద్దామని కాదు. ఈ మాట ఎవరు నమ్మినా నమ్మకపోయినా చెబుతున్నాను. మర్నాడు తత్కాల్‌లో టికెట్టు దొరికితే చప్పుడు కాకుండా మళ్ళీ వెళ్ళిపోదామనుకున్నాం. ఈయన రోజూ పొద్దున ఫోను ముందు కూర్చునేవాడు. ఎండాకాలం సెలవులు. ఫోనులో ఆ చక్రం తిరిగీ తిరిగీ చివరికి టికెట్టు లేదనేది. "జనమంతా కాశీకే పోతున్నరేందే" అని తల పట్టుకునేవాడు.

ఇంకో పీడ పోలీసులతో వచ్చింది. పీడ అనకూడదు, వాళ్ళు చేసింది మంచే. నెల కింద సింధూర అనే కానిస్టేబుల్ పిల్ల మా కాలనీ మీటింగుకు వచ్చి, ఊరికి పోయేవాళ్ళు పోలీస్ స్టేషన్‌లో చెప్పి పొమ్మంది. "తాళమేసిన ఇండ్లు మేము రోజూ వచ్చి చూసి పోతం. పైసా ఖర్చు లేదు. మీరు పరేషాన్ గాకుండ పోయి రాండ్రి" అంది. మా ఆయన భిక్షమయ్య ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి, సర్కారు ఏదిచ్చినా వదలడు. పోయి పేరు, అడ్రసు, ఫోన్ నంబరు అన్నీ ఇచ్చొచ్చాడు.

ఆ పిల్ల మాట తప్పలేదు. రోజూ బండి ఆగేది. గేటు తాళం లాగి చూసేది. ఫోటో తీసుకునేది. ఇంటి చుట్టూ ఒకసారి తిరిగేది. మేం వంటింటి మూల గోడకు అతుక్కుని, తేలు కుట్టిన దొంగల్లా కూర్చునేవాళ్ళం. ఒకరోజు మండుటెండలో వచ్చింది. గేటు బయట నిలబడి సీసాలో నీళ్ళు తాగుతున్న చప్పుడు వినబడింది. లోపల ఫ్రిజ్‌లో చల్లటి నీళ్ళున్నాయి. ఎవరూ లేని ఇల్లనుకుని ఆ పిల్ల ఎండలో మా ఇల్లు కాస్తోంది.

ముంతను ఎక్కడ పెట్టాలో తెలియలేదు. అస్థికలు ఇంట్లో పెట్టకూడదు. చెట్టుకు కడదామంటే ఎవరన్నా చూస్తారు. చివరికి వెనక గిన్నెలు తోమే చోట, సజ్జ మీద పెట్టి తట్ట బోర్లించాను. రోజూ దీపం పెట్టి "ఓపిక పట్టు అన్నా" అని చెప్పుకునేదాన్ని. దేశమంతా తిరిగిన మనిషి, మాతోపాటు గిన్నెల దగ్గర దాక్కున్నాడు.

అప్పుడు మా ఆయన ఒక సలహా ఇచ్చాడు. గొంతు తగ్గించి, ఏదో గొప్ప ఉపాయం చెబుతున్నట్టు చెప్పాడు.

"నాగోలు బ్రిడ్జి కాడ మూసీల కలిపేద్దామే. మూసీ పోయి కృష్ణల కలుస్తది. కృష్ణ పోయి సముద్రంల కలుస్తది. గంగ గూడ ఆడికే గదా పోయేది."

"మూసీల కలిపేటట్టుంటే ఆమెకు మనమెందుకు? ఆటో ఎక్కి పోయి కలుపుకోకపోవునా? నీకు సిగ్గున్నదా?"

"ఉన్నది. గందుకే తలుపేస్కొని కూసున్న" అన్నాడు.



ఆ సాయంత్రమే అండాలమ్మ ఫోన్ చేసింది. ఎత్తకూడదనుకున్నాను. చప్పుడు తీసేసి పెట్టిన ఫోను అదిరీ అదిరీ ఆగి మళ్ళీ అదిరింది. కిటికీకి దూరంగా జరిగి ఎత్తాను. మా వంటింటి కిటికీకీ వాళ్ళ అరుగుకూ మధ్య ఒక ప్రహరీ గోడ మాత్రమే అడ్డం. ఆమె గొంతు చెవిలోనూ వినబడింది, కిటికీలోంచీ వినబడింది.

"వదినె, మంచిగ చేరిన్రా? గాయన... అయిందా?"

గొంతులో జీవం లేదు. అన్నం మానేసి పాలూ అరటిపండ్లతో నెట్టుకొస్తోంది. షుగరు మనిషి. మొన్న అరుగు దిగుతూ తూలి పడబోయిందని ఎవరో అనడం కిటికీలోంచి విన్నాను. నిజం చెప్పాలని నోరు తెరిచాను. దేవుడి సాక్షిగా తెరిచాను. వచ్చిన మాట వేరు.

"అయింది వదినె. పొద్దుగాలనే అయింది. మంచిగ కలిపినం. నువ్వింక అన్నం తిను."

గోడ అవతల ఆమె గట్టిగా ఏడ్చింది. ఆ ఏడుపు కూడా రెండు వైపుల నుంచీ వినబడింది. తర్వాత గిన్నెల చప్పుడు. బియ్యం కడుగుతున్న చప్పుడు. ఆమె వండుకుని, కాకికి ముద్ద పెట్టి, "పోయినవా మొత్తానికి కాశీకి" అని పైకే అనుకుని, అన్నం తింది. నేను కొంగు నోట్లో కుక్కుకుని కింద కూర్చున్నాను. మా ఆయన పలకరిస్తే చెయ్యి విసిరికొట్టాను.

ఆ రాత్రి ఇద్దరం ఒక నిర్ణయానికి వచ్చాం. టికెట్టు లేకపోయినా సరే, జనరల్ పెట్టెలో నిలబడైనా సరే పోదాం. అబద్ధాన్ని ఎట్లాగైనా నిజం చేద్దాం. మర్నాడు చీకటి పడగానే బయల్దేరాలి. అంతవరకు ఓపిక పడితే చాలు.

ఆ ఓపికే మా ఆయనకు లేదు. మధ్యాహ్నం "అటుకులు తిని తిని నాలుక చచ్చింది, పోయేముందు ఒక్కపూట పప్పు చెయ్యవే" అన్నాడు. నాకూ తినాలనే అనిపించింది. చేశాను. ఎల్లిపాయ వేసి పోపు పెట్టాను. ఆ వాసన నాలుగిళ్ళ దాకా పోతుందని నాకు తట్టనే లేదు.

కాసేపటికి గేటు దగ్గర బండి ఆగింది. ఆ వెనకే జనం మాటలు.

"నేనే ఫోన్ చేసిన బిడ్డా" అంటోంది అండాలమ్మ. "లోపల దొంగలు పడ్డరు. పోపు పెట్టుకుంటున్నరు. ఇంటోళ్లు పాపం నా పెనిమిటిని గంగల కలపనీకి పోయిన్రు. ఆళ్ల ఇల్లు పోతే నేను బతికుండి ఏం లాభం?"

"జర మీరు ఎనకకు ఉండుండ్రి అమ్మా" అంది సింధూర. "ముందుగాల ఇంటోళ్లకు ఫోన్ చేసి అడుగుదాం. వాళ్ల చుట్టాలెవరన్న ఒచ్చిన్రేమో."

నాకు అర్థమై, ఆయన జేబులోని ఫోను లాక్కునే లోపే అది మోగింది. కాశీ ప్రయాణమని శంఖం చప్పుడు పెట్టుకున్నాడు దానికి. ఆ శంఖం ఇల్లంతా మోగింది. కట్ చేస్తే పోయేది. ఈ మహానుభావుడు కంగారులో ఎత్తి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఆఁ మేడమ్, కాశీల ఉన్నం" అన్నాడు.

 బయట ఎవరో కిసుక్కున నవ్వారు. ఆపైన అందరూ నవ్వారు.

"పెద్దాయనా, బయటకు రాండ్రి. ఏం కాదు" అంది సింధూర. ఆ పిల్ల మాత్రం నవ్వలేదు.

తలుపు తీసుకుని వచ్చాం. గేటుకు బయట తాళం. మా గేటు ఊచల లోపల మేమిద్దరం, బయట కాలనీ అంతా. ఊచల మధ్య నుంచి తాళంచెవి నేనే ఆ పిల్ల చేతికిచ్చాను.

"కాశీ ఎట్లున్నది అక్కా? ఎండలు మస్తుగున్నయా?" అని గీత అడిగింది. మళ్ళీ నవ్వులు. అడిగే హక్కు ఆమెకుంది. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కాళ్ళ వైపు చూశాను.

నవ్వని ఇంకో మనిషి అండాలమ్మ. మోకాళ్ళ నొప్పుల మనిషి, మా ఇల్లు కాపాడటానికి రోకలి పట్టుకుని వచ్చింది. ఆ రోకలిని మెల్లగా కిందికి దించింది.

"వదినె, మరి గాయన?"

లోపలికి పోయి, తట్ట తీసి, ముంత తెచ్చి ఆమె చేతుల్లో పెట్టాను. పసుపుతాడు విప్పలేదని చూసుకుంది. గుడ్డ మీద చెయ్యి వేసి రాసింది. తిట్టలేదు. తిడితే బాగుండేది. జుట్టు పట్టుకుని ఈడ్చినా పడి ఉండేదాన్ని.

"మరి నేను అన్నం తిన్న గద వదినె" అంది.

గీత నవ్వు ఆపేసింది. అందరూ ఆపేశారు. సింధూర జనాన్ని పంపించేసి, అండాలమ్మను చెయ్యి పట్టుకుని వాళ్ళింటి దాకా నడిపించింది. తిరిగొచ్చి మా ఆయనతో, "ప్రయాణం ఆగిపోతే స్టేషన్‌కు ఒక్క మాట చెప్పాలె సార్. ఎవ్వరేమనుకుంటరు?" అంది. ఆయన డిపో మేనేజరు ముందు నిలబడ్డట్టు చేతులు కట్టుకుని తలూపాడు.

ఆ సాయంత్రం అండాలమ్మ ఇంటికి వెళ్ళాను. "నేను పోత వదినె. నేనే తీస్కపోత. జనరల్ పెట్టెలనన్న పోత. నా మీద నమ్మకం లేకుంటే నువ్వు గూడ రా, నిన్ను ఎత్తుకోనైనా తీస్కపోత" అన్నాను. ఆమె వేపచెట్టుకు ముంత కడుతోంది. వినబడింది. తిరగలేదు. "ఒద్దు" అంది.

తమ్ముడి కొడుకు వీరేందర్‌ను చంపాపేట్ నుంచి పిలిపించుకుంది. ఎవరినో పట్టుకుని అతనే టికెట్లు సంపాదించాడు. బయల్దేరే రోజు పొద్దున ఆటో వచ్చి ఆగగానే నేను గేటు దగ్గరికి పోయి నిలబడ్డాను. పలకరిస్తుందేమోనన్న ఆశ. అంతకుముందు ఆమె ఏ ఊరికి పోయినా, కొత్తగా ఇల్లు కట్టుకుని వచ్చిన నాటి నుంచీ, తాళంచెవి మా ఇంట్లోనే ఇచ్చి పోయేది. చెట్లకు నీళ్ళు పోసేదాన్ని, పిల్లికి పాలు పెట్టేదాన్ని.

ఆమె గేటుకు తాళం వేసింది. లాగి చూసుకుంది. ముంత ఉన్న సంచిని వీరేందర్‌కు కూడా ఇవ్వకుండా తన భుజానికే తగిలించుకుంది. మోకాళ్ళు పట్టుకుంటూ మా గేటు ముందు నుంచే ఆటో వైపు నడిచింది. అలవాటు చొప్పున నా చెయ్యి ముందుకు పోయింది.

అండాలమ్మ ఆగింది. తాళంచెవిని బొడ్లో దోపుకుంది.

"పోలీసోళ్లకు చెప్పిన. ఆ పిల్ల ఒచ్చి చూస్కుంటది" అంది.

ఆటో కదిలింది. చాచిన చెయ్యిని ఏం చెయ్యాలో తెలియక, ఎవరన్నా చూస్తారేమోనని గేటు గొళ్ళెం సర్దుతున్నట్టు నటించాను.