తప్పు ఎవరి పేరున

1998 నవంబరు 14, శనివారం. ఆ పొద్దున నా భార్య దీనమ్మ డబ్బాలో చింతకాయ పచ్చడి కలిపిన అన్నం, రెండు అప్పడాలు పెట్టుకుని మాదాపూర్‌లోని ఆఫీసుకు వెళ్లింది. సాయంత్రం అన్నం అలాగే తిరిగొచ్చింది. బస్‌స్టాపులో ఏడుస్తూ నిలబడితే పూలమ్మే ముసలావిడ అప్పడాలు మాత్రం బతిమాలి తినిపించిందట. ఆ చల్లని తల్లిని నేనెప్పుడూ చూడలేదు.

ఆ ఆఫీసులో పని అమెరికా బేస్‌బాల్ ఆటల పాత స్కోరు పట్టికలను కంప్యూటర్‌లోకి ఎక్కించడం. ఒకే పట్టికను ఇద్దరు విడివిడిగా కొడతారు. అంకెల్లో తేడా వస్తే ఏది ఉంచాలో సూపర్‌వైజర్ సోమేశ్వరరావు తేలుస్తాడు. మసకబారిన అచ్చులో ఒక ఆటగాడి పరుగులు ఒకటని దీనమ్మ కొట్టింది. ఆయన అది తీసేసి, రెండోవాళ్లు కొట్టిన నాలుగు ఉంచాడు. అమెరికా నుంచి ఫిర్యాదు రాగానే, “దీనమ్మ చేసిందండీ” అన్నాడు. ఆ శనివారమే ఆమెను పంపేశారు.

“నేను ఒకటనే కొట్టానండీ” అనేది దీనమ్మ. మరుసటి మే నెలలో కామెర్లతో మంచాన పడ్డప్పుడు కూడా అదే మాట. నేను నమ్మాను. వాళ్లమ్మ, మా అత్తయ్య, నమ్మలేదు. “కాస్త చూసి కొట్టాల్సింది తల్లీ” అంటూనే ఉంది, దీనమ్మ పోయేదాకా.

వర్షాకాలంలో నేను బాచుపల్లి కాలేజీ గుమాస్తా పని మానేసి అదే ఆఫీసులో చేరాను. పూర్తయిన పట్టికలు అచ్చు తీసి అమెరికాకు పంపడం నా పని. నేనెవరి భర్తనో సోమేశ్వరరావు అడగలేదు.

ఆ ఆట నాకు అర్థం కాలేదు గానీ పట్టిక నచ్చింది. క్రికెట్‌లో క్యాచ్ ఎవరు వదిలేశారో స్కోరుకార్డులో ఉండదు. ఇందులో తప్పు చేసినవాడి పేరు కింద అచ్చులో ఉంటుంది. పైగా ఒక్కొక్కరి పరుగులు కూడితే జట్టు మొత్తం రావాలి. రాకపోతే ఎక్కడో పొరపాటున్నట్టే.

ఒకరోజు మొత్తం కుదరని పట్టిక నా చేతికొచ్చింది. కొత్తగా చేరిన ఉమాశ్రీ సరిగ్గానే కొట్టింది; ఆమె అంకెతో కూడితే మొత్తం వస్తోంది. సోమేశ్వరరావు మళ్లీ రెండోవాళ్ల అంకే ఉంచాడు.

“కూడి చూశారా సార్?” అని అడిగాను.

“కూడ్డానికి ఇదేమన్నా కిరాణా కొట్టా ఏసురత్నం గారూ? పంపండి.”

“అయితే ఇద్దరి అంకెలూ, మీరు ఉంచిందీ రాశాను. ఇక్కడో సంతకం పెట్టండి.”

ఆయన నవ్వి, పేరు కింద గీత కూడా గీశాడు.

ఫిర్యాదు వచ్చింది. మేనేజర్ చలపతిరావు గారు అందరినీ పిలిచారు.

“ఉమాశ్రీ అండీ. కొత్త పిల్ల” అన్నాడు సోమేశ్వరరావు.

“నేను గట్ల కొట్టలే సార్. జర చూడున్రి” అంది ఆమె.

నేను సంతకం ఉన్న కాగితం బల్ల మీద పెట్టాను. ఆయన ముఖం పాలిపోతుంటే కళ్లారా చూశాను. తృప్తిగా ఉంది.

“పోయిన నవంబరులో దీనమ్మను కూడా ఇలాగే పంపారు. ఆమె నా భార్య” అన్నాను. “ఈయన ఉద్యోగం సంగతి మీ ఇష్టం సార్. మా ఇంటికొచ్చి మా అత్తయ్యకు నిజం చెప్పాలి. అది నాకు కావాలి.”

ఆ సాయంత్రమే సోమేశ్వరరావు హఫీజ్‌పేట్‌లోని మా ఇంటికి వచ్చాడు. ఉద్యోగం అప్పటికే పోయింది. గడప దగ్గరే నిలబడి చెప్పాడు. అత్తయ్య కుర్చీ జరిపి, గ్లాసుతో మంచినీళ్లు ఇచ్చింది.

“ఆ రోజే చెప్పుంటే నా బిడ్డ కూడా వినేది కదా బాబూ” అంది. లోపలికెళ్లి పడుకుంది.

ఆయన బయటికొచ్చి చెప్పులు వేసుకుంటూ, “మీరు కూడా క్షమించానని ఒక్కమాట అనండి” అన్నాడు.

“వీధి దీపం లేదు. మెట్లు చూసుకుని దిగండి” అన్నాను.

ఆయన ఇంకా నిలబడే ఉన్నాడు. తలుపు ధడాలున వేయాలనిపించింది. లోపల అత్తయ్యకు అప్పుడే కునుకు పట్టినట్టుంది. చప్పుడు కాకుండా మూసి, గడియ పెట్టాను.